నాలుగు సంధులు, ఐదు రోజులు

ఏడో తరగతి పాఠం. బోర్డు మీద పాక్ జలసంధి గీసి, "రెండు భూభాగాల నడుమ ఇరుగ్గా ఉండి, రెండు పెద్ద జలభాగాలను కలిపేది" అని అలవాటు కొద్దీ చెప్పుకుపోతున్నాను. రెండో బెంచీలో ఒక పిల్ల లేచింది. "సార్, తెలుగు మేష్టారు సంధి అంటే కలవడం అన్నారు. ఇదేమో నేలని విడగొడతంది కదా, మరి సంధి అంటారేటి?" నీళ్ల వైపు నుంచి చూస్తే కలవడమేనమ్మా అని సర్దేశాను. ఆ జవాబు నాకే అంతగా ఆనలేదు. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను, ఒక్క జలసంధినీ కళ్లారా చూసిన పాపాన పోలేదు. శ్రీకాకుళం తీరంలో పుట్టినవాణ్ణి, సముద్రం నాకు కొత్తేం కాదు. కానీ మా సముద్రానికి ఒక్కటే ఒడ్డు.

మా మేనత్త కొడుకు ముప్పయ్యేళ్ల కిందట విశాఖలో ఓడెక్కి అండమాన్ పోయి, అక్కడే బోటు ఇంజన్ల మెకానిక్‌గా స్థిరపడ్డాడు. "వస్తాను, వస్తాను" అని ఏటా అనడమే. 2025 ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమి కలిసొచ్చేలా వారం సెలవు పెట్టి బయల్దేరాను.

అట్లాసులో చూస్తే గ్రేట్ అండమాన్ ఒకే పొడవాటి చెరకు గడని కణుపుల దగ్గర విరిచి పెట్టినట్టు ఉంటుంది. పైనుంచి కిందికి ఉత్తర అండమాన్, మధ్య అండమాన్, బారటాంగ్, దక్షిణ అండమాన్. విరుపుల్లో ఉన్నవే జలసంధులు: ఆస్టిన్, హంఫ్రీ, మిడిల్ స్ట్రెయిట్. పటంలో అవి పెన్ను గీత మందం కూడా ఉండవు. దక్షిణం నుంచి ఉత్తరానికి రోడ్డు పట్టుకుని ఒక్కో విరుపూ దాటుకుంటూ పోవాలన్నది నా పథకం.

మొదటి రోజు, ద్వాదశి

విమానం దిగేసరికి బావ బయట నిలబడి ఉన్నాడు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు. బోర్డుల మీద కొత్త పేరు ఉంది, నోళ్లలో ఇంకా పాతదే.

"జలసంధి చూడ్డానికి డబ్బులెట్టుకోని వచ్చినోణ్ణి నిన్నే చూసాను బామ్మర్దీ. అందరూ హేవ్‌లాక్ పోతారు, బీచిలో పడుకుంటారు, వచ్చేస్తారు" అన్నాడు. హేవ్‌లాక్‌కి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారని నేను మేష్టారితనం చూపించబోతే, "అయితే ఆళ్లు స్వరాజ్ ద్వీపులో పడుకుంటారు" అన్నాడు.

బావ ఇల్లు జంగ్లీఘాట్ దగ్గర. సాయంత్రం చేపల రేవు వైపు నడిచాం. పది అడుగులకొకసారి మా సిక్కోలు యాస చెవిన పడింది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల వాళ్లలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. లెక్క ముందే తెలుసు. కానీ బంగాళాఖాతానికి ఆవలి కొసన, పన్నెండొందల కిలోమీటర్ల దూరాన, "ఓలమ్మా, వంజరం ఎంతకిస్తావు" అని వినడం వేరు.

రాత్రి భోజనం దగ్గర బావ కేలెండరు తీశాడు. ద్వాదశి, కాబట్టి నాలుగు రోజుల్లో పోటు బలంగా ఉంటుందన్నాడు. అష్టమి, నవమికి సముద్రం మెత్తబడుతుంది. పున్నమికీ అమావాస్యకీ ఒళ్లు విరుచుకుంటుంది, అప్పుడిక్కడ పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్ల దాకా పోతుంది. పోటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పిల్లలకి ఈ వాక్యం ఎన్నిసార్లు రాయించానో లెక్కలేదు. దాన్ని బస్సు టైముటేబుల్లా వాడుకునే మనిషిని అప్పుడే చూశాను.

రెండో రోజు, త్రయోదశి: మిడిల్ స్ట్రెయిట్

తెల్లవారుజాము మూడుకి లేపేశాడు. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆరు గంటల కాన్వాయ్ అందుకోవాలి. అక్కణ్ణుంచి రోడ్డు జారవాల రిజర్వు గుండా, అంటే జారవాలనే ఆదివాసీ తెగ బతికే రక్షిత అడవి గుండా, పోతుంది. బళ్లన్నీ ఒక వరసలో, ముందూ వెనకా పోలీసులతో, గంటకు నలభై కిలోమీటర్లు మించకుండా పోవాలి. ఆగకూడదు, దాటకూడదు, ఫోటో తీయకూడదు. తినేది ఏదీ ఇవ్వకూడదు.

జారవాలు 2011 లెక్కల ప్రకారం 380 మంది. 1997 చివర్లో, 1998లో వాళ్లు తమంతట తాము అడవి దాటి బయటి ఊళ్లకు రావడం మొదలయ్యేదాకా ఈ రోడ్డుకీ వాళ్లకీ మధ్య నడిచింది యుద్ధమే. రిజర్వులోంచి పోయే రోడ్డు భాగాలు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మూయలేదు. నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను కాబట్టి ఈ సంగతిని ఎవరి మీదకో నెట్టి రాయలేను. దారిలో ఎవరినైనా చూశానా లేదా అన్నది కూడా రాయను. బస్సులో కొందరు కిటికీల వైపు మెడలు చాచి కూర్చున్న తీరు మాత్రం బాగాలేదు. ఎవరి వీధిలోంచో పోతూ ఇళ్లలోకి తొంగిచూస్తున్నట్టు ఉంది.

ఏడున్నరకి అడవి ఉన్నట్టుండి ఆగిపోయింది. రోడ్డు నేరుగా నీళ్లలోకి దిగుతోంది. అదే మిడిల్ స్ట్రెయిట్.

నేను అనుకున్నది వేరు. జలసంధి అంటే రెండు వైపులా రాతి గట్లు, మధ్యన ఎగిసే సముద్రం. ఇక్కడ కనబడింది నది. మా వంశధార కన్నా ఇరుకు. ఆకుపచ్చగా, అలలు లేకుండా, మలుపు తిరిగి మడ అడవిలోకి మాయమైపోయింది. రెండు ఒడ్డుల్లోనూ వేళ్ల మీద నిలబడ్డ చెట్లు. వేళ్ల కింద బురద. "ఉప్పగా ఉంటేనే సముద్రం, లేకపోతే ఏరే" అన్నాడు బావ. వంగి చెయ్యి ముంచి నాలిక్కి తగిలించుకున్నాను. ఉప్పే. అక్కడే నిలబడ్డ గార్డు హిందీలో కేకేశాడు. ఈ పాయల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి, చేతులు పెట్టొద్దని బోర్డు నా నెత్తి మీదే ఉంది.

అది నదిలా ఉండడం వట్టి పోలిక కాదు. దాదాపు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు నూట ఇరవై మీటర్లు దిగువన ఉండేది. అప్పుడీ నాలుగు దీవులూ ఒకే నేల. ఈ మలుపులు లోయలు. మంచు కరిగి సముద్రం ఎగబాకినప్పుడు లోయలు మునిగాయి, గట్లు దీవులయ్యాయి. మునిగిన లోయకి పాత అలవాట్లు పోలేదు. వంపులూ పిల్లకాలవలూ అన్నీ అలాగే ఉన్నాయి. పిల్లకాలవల్లో ఇప్పుడు వాననీటితో పాటు పోటు కూడా వస్తుంది, అంతే.

వాహనాల ఫెర్రీ వచ్చి ముందరి తలుపు దించింది. బస్సు, రెండు జీపులు, ఇటుకల లారీ, వాటి సందుల్లో మోటారు సైకిళ్లు, ఆ సందుల్లో మేము. పది పదిహేను నిమిషాల ప్రయాణం. నేను కమ్మీ పట్టుకుని నీళ్లలో తేలే ఆకుల్ని చూస్తూ నిలబడ్డాను. అవి చాలా నెమ్మదిగా, ఆగుతున్న చక్రంలా కదులుతున్నాయి. పోటు నిండబోతున్న వేళ. అవతల నీలంబూర్ జెట్టీలో దిగేసరికి ఎనిమిది. అప్పటికి ఆకులు పూర్తిగా నిలిచిపోయాయి. జలసంధి ఊపిరి బిగబట్టింది.

బారటాంగ్ వచ్చే వాళ్లంతా సున్నపురాయి గుహలకే వస్తారు. మేమూ పోయాం. స్పీడుబోటు జలసంధి వెంట కొంత దూరం పోయి, ఒక మలుపులో నయాడేరా పాయలోకి తిరుగుతుంది. అక్కడ మడచెట్లు రెండు వైపుల నుంచీ వంగి కలిసిపోయి పందిరేశాయి. కోరింగ అడవిలో చిన్నప్పుడు తిరిగిన కళ్లతో చూశాను. ఉప్పు పొన్న ఇక్కడా ఉంది. కొమ్మలకి మునక్కాడల్లా వేలాడే మొలకలు, నేల తగలకముందే చెట్టు మీదే మొలకెత్తి, కింద పడగానే బురదలో గుచ్చుకునే ఏర్పాటు. కానీ కోరింగలో నేను చూసిన చెట్ల పక్కన ఇవి తాతలు. వేళ్ల వంపు కింద మనిషి నిటారుగా నిలబడొచ్చు. ఈ దీవుల్లో మడ అడవి ఆరొందల చదరపు కిలోమీటర్లకు పైనే. అలలు సోకని ఇలాంటి ఇరుకు పాయలే వీటికి తొట్టి. సంధులు లేకపోతే ఇంత మడ లేదు.

గుహ గురించి ఎక్కువ చెప్పను. రాయి చాలా బాగుంది, జనం చాలా మంది ఉన్నారు. తిరుగు దారిలో జారి మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. ఎడమ చెప్పు అక్కడే ఉంది, ఇప్పటికీ ఉండే ఉంటుంది.

పదకొండున్నరకి మళ్లీ జలసంధిలోకి వచ్చాం. పొద్దున ఆగిన ఆకులు ఇప్పుడు పరుగెడుతున్నాయి. వచ్చిన దిక్కుకి కాదు, ఎదురు దిక్కుకి. చెట్ల మొదళ్ల మీద తడి గీత నా భుజం ఎత్తున ఉంది, నీళ్లు దాని కింద ఎక్కడో ఉన్నాయి. "పాటు పట్టింది. రెండింటికి ఈ పాయల్లో డుంగీ కూడా తిరగదు" అన్నాడు బోటు నడిపే బెంగాలీ కుర్రాడు. చిన్న బోటుని ఇక్కడ అందరూ, తెలుగువాళ్లతో సహా, డుంగీ అంటారు.

అప్పుడు నిజంగా నా కళ్ల ముందు పటం పరుచుకుంది. ఈ నీటికి రెండు నోళ్లున్నాయి. పడమటి నోరు బంగాళాఖాతంలోకి, తూర్పు నోరు అండమాన్ సముద్రంలోకి. అంటే మా ఊరి కెరటాల సముద్రమూ, ఆవల బర్మా, థాయిలాండ్ ఒడ్డులు తాకే సముద్రమూ ఈ ఇరుకు సందులో రోజుకి నాలుగుసార్లు తోసుకుంటున్నాయి. ఆ పిల్ల అడిగింది నేల వైపు నుంచి. నేను చెప్పింది నీళ్ల వైపు నుంచి. ఇక్కడ నిలబడితే రెండూ ఒకేసారి నిజం.

మధ్యాహ్నం బురద అగ్నిపర్వతం. పేరు విని నిప్పులు ఊహించుకుంటే నిరాశే. బూడిద రంగు బురద దిబ్బ, నడిమిన ఇడ్లీ పిండి పులిసినట్టు ఒక్కో బుడగ లేచి టప్పుమంటుంది. లోతున మట్టిపొరల్లో ఊరే వాయువులు బురదని పైకి తోయడమే ఇదంతా. 2003లో ఒకసారి గట్టిగానే ఎగజిమ్మింది, 2004 డిసెంబరు భూకంపం అయిన వెంటనే ఇంకోసారి. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోసే భూమి పైపెంకు ముక్క, పడమటి వైపు నుంచి ఈ దీవుల కిందకి దూరుతూ ఉంటుంది. దూరేటప్పుడు గీక్కుపోయిన సముద్రపు అడుగు మట్టీ రాయీ పోగుపడి లేచిన కుప్పే అండమాన్. ఆ కుప్ప ఇంకా కుదురుకోలేదు అనడానికి ఈ బుడగ చాలు.

రాత్రికి అక్కడే ఉండిపోయాం. పర్యాటకులు మధ్యాహ్నం కాన్వాయ్‌లకి వెళ్లిపోతారు, బారటాంగ్ ఊరు మళ్లీ ఊరవుతుంది. టీకొట్టు పెద్దాయన తాత, ముత్తాతలది ఛోటానాగపూర్. చెట్లు కొట్టడానికి 1918 నుంచీ బ్రిటిష్ వాళ్లు అక్కణ్ణుంచి కూలీల్ని తెచ్చారు. ఎవరు ఏ జిల్లా నుంచి వచ్చినా ఇక్కడ వాళ్లందరూ రాంచీవాలాలే. ఐదున్నరకే చీకటి పడింది. దేశమంతటికీ ఒకటే గడియారం పెట్టిన ఫలితం. ఆ వెలుతురు పోయే వేళలో చిలకలు గుంపులు గుంపులుగా జలసంధి మీదుగా చిన్న దీవి వైపు పోయాయి. దాన్ని అందుకే చిలకల దీవి అంటారు. వాటికి సంధి అడ్డం కాదు.

మూడో రోజు, చతుర్దశి: హంఫ్రీ

బారటాంగ్ ఉత్తరపు కొసన రెండో విరుపు. మొన్నమొన్నటి దాకా ఇక్కడా ఫెర్రీయే. 2020లో ఒకటిన్నర కిలోమీటర్ల పొడవున్న వంతెన తెరిచారు. పేరు ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు. బస్సు ఆగకుండా రెండు మూడు నిమిషాల్లో దాటేసింది. నేను అటు తిరిగి చూసేలోపు మధ్య అండమాన్ వచ్చేసింది. వంతెన ఉన్నవాళ్లకి వంతెన విలువ తెలుసు. పురిటి నొప్పులతో ఫెర్రీ కోసం జెట్టీలో ఎదురుచూసిన ఇల్లాళ్ల కథలు పక్క సీటావిడ చెప్పింది. ఆ కథల ముందు నాలాంటి వాడి నిరాశ ఎంత. అయినా ఉన్న మాట రాయాలి కదా, మిడిల్ స్ట్రెయిట్‌ని నేను దాటాను, హంఫ్రీని బస్సు దాటింది.

ఈ పేరు మీద ఒక మాట. అసలు పేరు హోమ్‌ఫ్రే. 1860ల్లో, 70ల్లో "అండమాన్ హోమ్" అనే ఆశ్రమాన్ని నడిపిన ఆంగ్లేయ అధికారి. అడవిలో బతికే వాళ్లని తెచ్చి, బట్టలు కట్టించి, నాగరికులను చేయడం దాని పని. ఒకచోట కూడేసిన మనుషుల్లోకి సుఖరోగాలు వచ్చాయి, 1877లో తట్టు వచ్చింది. 1858లో ఇక్కడ ఖైదీల సెటిల్‌మెంటు మొదలయ్యేనాటికి గ్రేట్ అండమానీ తెగలన్నీ కలిపి ఐదువేల మంది దాకా ఉండి ఉంటారని అంచనా. ఇప్పుడు యాభై మంది, ఆ చుట్టుపక్కల. వాళ్లని 1970 ప్రాంతంలో బారటాంగ్‌కి తూర్పున ఒక చిన్న దీవికి చేర్చారు. ఆ దీవి పేరు స్ట్రెయిట్ ఐలాండ్. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోవడంతో, ఆ తెగల భాషల్లో ఒకటైన బో మాట్లాడేవాళ్లు ఇక లేరు. ఈ పాయలకీ పాయల్లోని ప్రతి మలుపుకీ ఆ భాషల్లో పేర్లు ఉండే ఉంటాయి. మనకి మిగిలింది హోమ్‌ఫ్రే, అది కూడా హంఫ్రీగా అరిగి.

రంగత్‌లో భోజనం. బావకి తెలిసిన పలాస మనిషి హోటలు. ఆయన వద్దంటున్నా రెండోసారి చేపల పులుసు పోశాడు, డబ్బులు తీసుకోలేదు. తర్వాత దారంతా నేను నిద్రపోయానని బావ చెబుతున్నాడు. సాయంత్రానికి మాయాబందర్.

నాలుగో రోజు, పున్నమి: ఆస్టిన్

పొద్దున్నే వెబీ అనే ఊరికి పోయాం. కరెన్లు ఉండే ఊరు. 1925లో బర్మా నుంచి అడవి పనికి వచ్చిన కుటుంబాల వారసులు. కర్రల మీద ఎత్తుగా కట్టిన ఇళ్లు, కింద కోళ్లు, పక్కన చర్చి. మాయాబందర్ బజార్లో ఒక కొట్టువాడితో బెంగాలీ, రెండో కొట్టులో తమిళం, మూడో కొట్టులో తెలుగు, అందరూ కలిసినప్పుడు హిందీ. కరెన్ ముసలాయన ఒకడు నాతో "బాగున్నారా" అన్నాడు. పడవల మీద మనవాళ్లతో పనిచేశాడట. బూతులు కూడా వచ్చునని నవ్వాడు.

ఆస్టిన్ జలసంధి మూడింటిలోకీ ఇరుకు. మధ్య, ఉత్తర అండమాన్‌లను కలిపే చెంగప్ప వంతెన మూడొందల మీటర్లు కూడా లేదనిపించింది. బస్సు దిగి నడిచి దాటాను. హంఫ్రీ దగ్గర పోయింది ఇక్కడ రాబట్టుకోవాలి మరి. వంతెన నడిమిన నిలబడితే రెండు దీవుల కోళ్ల కూతలూ వినిపించాయి. కింద ఒక మనిషి డుంగీలో కూర్చుని గాలం వేసుకున్నాడు. ఆయన ఏ దీవిలో ఉన్నట్టు? ఆయన ఆ సంగతి ఆలోచిస్తున్నట్టు లేదు.

ఈ చుట్టుపక్కల ఎవరిని కదిపినా 2004 డిసెంబరు 26 గురించి చెప్పే కథ దక్షిణాన విన్నదానికి తలకిందులుగా ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో నేల మీటరు దాకా దిగిపోయింది. ఊరి బయట సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం తిరిగి పోలేదు, ఇప్పటికీ పోటు వేళ నీళ్లలో ఎండు మోళ్లు కనబడతాయి. ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డునైతే నేల పైకి లేచింది. ఇంటర్వ్యూ ద్వీపం దగ్గర మీటరుకు పైగా లేచి, పగడాలు గాలిలోకి వచ్చి ఎండి తెల్లబడ్డాయి. ఒక కొస దిగి ఒక కొస లేచిందంటే, పిల్లలు ఆడే ఎగుడుదిగుడు బల్లలా మొత్తం నేలే వాలింది. అంత పెద్ద బల్ల మీద ఈ సంధులు గీసిన సన్నని గీతలు. వాటి లోతులూ అంచులూ శాశ్వతమని నేను బోర్డు మీద గీస్తున్నాను.

మధ్యాహ్నానికి డిగ్లీపూర్. ఎదురుగా శాడిల్ పీక్, ఏడొందల ముప్పై మీటర్ల ఎత్తు, అండమాన్‌లో దాన్ని మించిన శిఖరం లేదు. సాయంత్రం కాలీపూర్ ఒడ్డున మాఘ పున్నమి స్నానం. బావ పోటు మొదలయ్యేదాకా ఆగి మరీ దిగాడు. దిగుతున్న నీళ్లలో మునిగితే పుణ్యం కూడా దాంతోనే పోతుందట. ఇది ఏ శాస్త్రంలోదని అడిగితే, "మా అమ్మ చెప్పింది" అన్నాడు. అంటే మా మేనత్త. ఇంక మాట్లాడలేదు. నల్లటి ఇసుక మీద తాబేళ్లు గుడ్లు పెట్టే తావుల చుట్టూ కంచె కట్టి ఉంది. మా ఒడ్డుకి వచ్చే ఆలివ్ రిడ్లీలు ఇక్కడికీ వస్తాయి.

అయిదో రోజు, పాడ్యమి: రాస్, స్మిత్

నాలుగో సంధి అట్లాసులో లేదు. ఏరియల్ బే జెట్టీలో అటవీశాఖ పర్మిట్ తీసుకుని డుంగీ ఎక్కితే అరగంట. రాస్, స్మిత్ రెండు చిన్న దీవులు. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉండే పాత రాస్ వేరు, దానికిప్పుడు నేతాజీ పేరు పెట్టారు. ఈ రాస్‌కీ స్మిత్‌కీ మధ్య ఇసుక దారి ఉంటుందనీ, ఒక దీవి నుంచి రెండోదానికి నడిచిపోవచ్చనీ అన్ని ఫోటోల్లోనూ ఉంటుంది.

తొమ్మిదిన్నరకి దిగాం. దారి లేదు. రెండు దీవుల మధ్య నీళ్లు, లేత ఆకుపచ్చగా, అటు నుంచి ఇటు సాఫీగా నిండి ఉన్నాయి. మాతో పాటు వచ్చిన జంట నిర్ఘాంతపోయింది. బోటువాడితో పోట్లాటకి దిగారు. వాడు తాపీగా ఆకాశం వైపు చూపించాడు, "నిన్న పున్నమి సార్." పోటు పదింబావుకి గాని నిండదు. ఇసుక కనబడాలంటే ఒంటిగంట దాటాలి. వాళ్లకి తిరుగు బస్సు ఉంది, నడుము లోతు నీళ్లలో నిలబడి ఫోటోలు తీసుకుని మరో డుంగీలో వెళ్లిపోయారు.

నేను మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంతకన్నా మంచి గడియలో ఎవరూ రాలేరు. పదిన్నరకి రాస్ వైపు ఒక వంగిన చెట్టు పక్కన నిలబడి, స్మిత్ మీది పొడవాటి చెట్టు సరిగ్గా నడిమికి వచ్చేలా ఒక ఫోటో తీశాను. రెండు నేలల మధ్య ఇరుకైన నీరు. పాఠంలో రాసినట్టే ఉన్న జలసంధి. చెట్టు మొదట్లో గుర్తుకి మూడు రాళ్లు పెట్టి, దాని నీడనే కూర్చున్నాను. బావ నిద్రపోయాడు.

ఇసుక దారి ఇక్కడే ఎందుకు? సముద్రం వైపు నుంచి వచ్చే కెరటం దీవిని తాకి రెండుగా చీలి, వెనక్కి చుట్టుకుని వస్తుంది. అలా రెండు పక్కల నుంచీ వచ్చిన అలలు ఎదురెదురుగా తగిలే చోట వేగం చచ్చిపోతుంది. వేగం చచ్చిన చోట మోసుకొచ్చిన ఇసుక దించేస్తాయి. పుస్తకంలో బొమ్మ ఉంటుంది, నేనే గీశాను చాలాసార్లు. పన్నెండింటికి నీళ్ల రంగు నడిమిన పలచబడింది. పన్నెండున్నరకి ఆ పలచని చార మీద తూర్పు నుంచి ఒక అల, పడమటి నుంచి ఒక అల వచ్చి, నడిమిన చప్పట్లు కొట్టినట్టు కలిసి నిట్టనిలువునా చిమ్మాయి. మళ్లీ. మళ్లీ. చార పొడవునా ఒక కొస నుంచి ఇంకో కొసకి ఆ చప్పట్లు పరుగెట్టాయి. ఒంటిగంట దాటాక గేదె వీపులా ఇసుక లేచింది, తడిగా మెరుస్తూ. ముందు రాస్ వైపు కొంచెం, తర్వాత స్మిత్ వైపు కొంచెం, నడిమిన ఇంకా చీలమండ లోతు. అందరికంటే ముందు దాటింది ఒక పీత. అడ్డంగా, సందేహపడుతూ, నీళ్లొచ్చినప్పుడల్లా ఆగుతూ పోయింది.

రెండింటికి నడిచాను. చెప్పులు చేత్తో పట్టుకుని, బావని లేపి, రాస్ నుంచి స్మిత్‌కి. కుడి వైపు నీళ్లు వెచ్చగా, ఎడమ వైపు కాస్త చల్లగా తగిలాయి. పొద్దున జలసంధి ఉన్న చోట ఇప్పుడు భూసంధి ఉంది, రెండు నేలల్ని కలిపే ఇరుకు నేల. పుస్తకంలో ఈ రెండు మాటలకీ పక్కపక్కనే రెండు నిర్వచనాలు, తారుమారు చేసి రాస్తే సగం మార్కులు కోసేస్తాను. తెలుగు మేష్టారైతే దీన్ని వైకల్పికం అనేవారేమో. జరగవచ్చు, జరగకపోవచ్చు, పున్నమిని బట్టి.

వెనక్కి వచ్చి మూడు రాళ్ల దగ్గర నిలబడి రెండో ఫోటో తీశాను. అదే చెట్టు, అదే కొమ్మ. రెండు ఫోటోలూ కింద ఏమీ రాయకుండా ఆ రెండో బెంచీ పిల్ల ముందు పెట్టి, ఇవి రెండూ ఎక్కడివో చెప్పమంటాను.

అప్పుడే బోటువాడి కేక వినిపించింది. మేము కబుర్లలో పడి చూసుకోలేదు. పొద్దున నీళ్లలో లంగరేసిన డుంగీ ఇప్పుడు ఇసుక మీద పక్కకి ఒరిగి కూర్చుంది, నీళ్లు పది బారల దూరంలో ఉన్నాయి. వాడు నా వైపు చూసిన చూపులో నేను తీసిన రెండో ఫోటో పట్ల గౌరవం ఏమీ లేదు. ముగ్గురం భుజాలు ఆనించాం.

"ఇంద, నీ సంధి. తొయ్యి బామ్మర్దీ" అన్నాడు బావ.